డర్ట్ బైకు: అరుగుదల భాగాల నిర్వహణ, మార్పిడి

రహదారి మీద కాకుండా మట్టి, ఇసుక, రాళ్లు, బురద ఉన్న నేల మీద నడిపేందుకు రూపొందించిన తేలికపాటి మోటారు సైకిలును డర్ట్ బైకు అంటారు. 1924లో ఇంగ్లండులోని సర్రే ప్రాంతంలో, కాంబర్లీ దగ్గర జరిగిన స్క్రాంబుల్ పోటీని ఈ క్రీడకు ఆరంభంగా చెప్పుకుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తరువాత అది మోటోక్రాస్ అనే పేరుతో యూరప్ అంతటా వ్యాపించి, 1957లో ప్రపంచ చాంపియన్‌షిప్ స్థాయికి చేరింది. గుండ్రంగా మూసి ఉన్న పథం మీద మిట్టలు దూకుతూ సాగే మోటోక్రాస్ బండ్లు, అడవి దారుల్లో ఎక్కువ దూరం పోయే ఎండ్యూరో బండ్లు, కాలు కింద పెట్టకుండా బండరాళ్లెక్కే ట్రయల్స్ బండ్లు, రిజిస్ట్రేషను పొంది రోడ్డు మీదా మట్టిలోనూ తిరిగే హీరో ఎక్స్‌పల్స్ 200 వంటి రెండు వాడకాల బండ్లు అన్నీ ఈ కుటుంబానికి చెందినవే అయినా, ఏ భాగం ఎంత త్వరగా అరుగుతుందనే విషయంలో వీటి మధ్య చాలా తేడా ఉంది.

అరుగుదల భాగాలు అంటే వాడకంలో తప్పనిసరిగా అరిగిపోయేవని ముందే తెలిసి, మార్చడానికి వీలుగా తయారుచేసిన భాగాలు: ఎయిర్ ఫిల్టర్, పిస్టన్, రింగులు, క్లచ్ ప్లేట్లు, చైన్ సెట్, బ్రేకు ప్యాడ్లు, బేరింగులు, ఆయిల్ సీళ్లు, టైర్లు. వీటి నిర్వహణలో గుర్తుంచుకోవలసిన మూల సూత్రం ఏమిటంటే, అరుగుదల ఎన్నడూ ఒక్క భాగానికే పరిమితం కాదు. ఒకదానితో ఒకటి రాసుకునే రెండు భాగాలు కలిసే అరుగుతాయి, వాటిలో అరిగినది తన జోడీని కూడా తినేస్తుంది. కొత్త చైన్‌ను పాత స్ప్రాకెట్ మీద వేసినా, కొత్త రింగులను దెబ్బతిన్న బోరులో దించినా కొత్తదానికి పెట్టిన డబ్బు వృథా అవుతుంది. అందువల్ల ఏ భాగాన్ని మార్చాలనే ప్రశ్నతో పాటు, దాని జోడీ ఏ స్థితిలో ఉందో కొలిచి చూడటం కూడా ఈ పనిలో భాగమే.

గంటల లెక్క

రోజూ తిరిగే బండి సర్వీసును కిలోమీటర్లలో లెక్కిస్తారు గాని, మోటోక్రాస్ బండి ఆయుష్షును ఇంజను నడిచిన గంటల్లో లెక్కిస్తారు. పథం మీద బండి ఎక్కువ దూరం పోకపోయినా, ఇంజను దాదాపు పూర్తి త్రాటిల్‌లో, క్షణక్షణం వేగం మారుతూ పనిచేస్తుంది; వెనక చక్రం పట్టు దొరకక తిరిగిన తిరుగుడు దూరం లెక్కలోకి రాదు. హోండా సిఆర్‌ఎఫ్250ఆర్ వంటి పోటీ బండి యజమాని పుస్తకం 6 పోటీలకు, అంటే సుమారు 15 గంటలకు ఒకసారి పిస్టన్‌ను, రింగులను మార్చమని చెప్పిందంటే, రోడ్డు బండికి అలవాటుపడినవారికి అది అచ్చుతప్పులా కనిపించవచ్చు. నిజానికి ఆ గడువు పోటీ స్థాయి వాడకాన్ని దృష్టిలో పెట్టుకుని వేసినది. వారాంతాల్లో మితంగా నడిపేవారు అంతకన్నా ఎక్కువ గంటలు వాడుకోగలరు, అయితే ఎంత ఎక్కువ అన్నది ఊహ మీద కాక కొలతల మీద నిర్ణయించుకోవాలి. ఇందుకోసం ఇంజను నడిచినప్పుడే పనిచేసే చిన్న గంటల మీటరును బండికి బిగిస్తారు. ప్రతి పనినీ ఆ మీటరు అంకెతో పాటు ఒక పుస్తకంలో రాసి పెట్టుకుంటే, తరువాతి పని ఎప్పుడు వస్తుందో ముందే తెలుస్తుంది.

ధూళి, ఎయిర్ ఫిల్టర్

డర్ట్ బైకు ఇంజను అకాలంగా పాడవడానికి అతి ముఖ్యమైన కారణం లోపలికి చేరే ధూళి. మట్టిలో ఎక్కువగా ఉండే క్వార్ట్జ్ ఖనిజం మోస్ కాఠిన్య మాపకం మీద 7వ స్థానంలో ఉంటుంది. పిస్టన్‌కు వాడే అల్యూమినియం లోహం దాని ముందు చాలా మెత్తన. ఎండాకాలంలో తెలంగాణ చెల్క నేలల మీద ముందు బండి వెనకాలే పోయేవారికి మీదపడే ఎర్రటి దుమ్ము అత్యంత సన్నగా, గాలిలో చాలాసేపు తేలుతూ ఉంటుంది కాబట్టి, ఫిల్టర్ అంచున సన్నటి సందు ఉన్నా అది లోపలికి పోతుంది.

ఆ ధూళి నడిచే దారి ఇంజను రకాన్ని బట్టి మారుతుంది. టూ స్ట్రోక్ ఇంజనులో గాలి, పెట్రోలు మిశ్రమం మొదట క్రాంక్ గదిలోకి పోయి అక్కడి నుంచి సిలిండరుకు చేరుతుంది కాబట్టి, ధూళి పిస్టన్ కన్నా ముందు క్రాంక్ బేరింగులను, కనెక్టింగ్ రాడ్ బేరింగును తాకుతుంది. ఫోర్ స్ట్రోక్ ఇంజనులో అది ఇన్‌టేక్ వాల్వుల ముఖం మీదుగా పోతూ వాటిని గరుకు కాగితంలా రుద్దుతుంది. పిస్టన్ అంచు మీద నిలువు గీతలు, సిలిండరు గోడ మీద మెరుపు తగ్గి బూడిద రంగు తిరిగిన చారలు కనిపిస్తే ఇంజను ధూళి తిన్నదని అర్థం.

చాలా డర్ట్ బైకుల్లో రెండు పొరల స్పాంజి ఫిల్టర్ ఉంటుంది. దీనిలో ధూళిని పట్టేది స్పాంజికి పట్టించిన జిగట నూనె. నూనె లేని స్పాంజి సన్నని దుమ్మును ఆపలేదు. దుమ్ము ఎక్కువ ఉన్న రోజున ప్రతి ప్రయాణం తరువాతా ఫిల్టర్‌ను తీసి శుభ్రం చేయవలసిందే. తీసేటప్పుడు దాని మీది మట్టి గాలి గొట్టంలో రాలకుండా చూసి, వెంటనే గొట్టం నోటిని శుభ్రమైన గుడ్డతో మూయాలి. ఫిల్టర్‌ను కిరోసిన్‌లో గాని, అందుకోసం అమ్మే ద్రావకంలో గాని మెల్లగా నొక్కుతూ కడిగి, తరువాత సబ్బు నీళ్లతో కడిగి, నీడన పూర్తిగా ఆరనివ్వాలి. పెట్రోలు వాడటం మంచిది కాదు. మంట ప్రమాదం అలా ఉంచి, అది స్పాంజి ముక్కలను అతికించిన జిగురును వదులు చేస్తుంది. బట్టలు పిండినట్టు మెలిపెట్టినా అదే అతుకు ఊడుతుంది, కాబట్టి అరచేతుల మధ్య పెట్టి నొక్కడమే పద్ధతి. ఆరిన తరువాత నూనె పోసి రంగు అంతటా ఒకేలా పరుచుకునేదాకా పిసికి, మిగులును నొక్కి తీసి, పెట్టెకు ఆనుకునే అంచుకు పలచగా గ్రీజు రాసి బిగిస్తారు. ఇంజను భాగాల ఖరీదులో అతి కొద్దిపాటి ధరకు వచ్చే ఈ స్పాంజిని ఒకటికి రెండు కొని, కడిగి నూనె పట్టించినదాన్ని సంచిలో సిద్ధంగా ఉంచుకోవడం అనుభవజ్ఞుల అలవాటు.

పిస్టన్, రింగులు, వాల్వులు

పిస్టన్ మార్పిడిలో టూ స్ట్రోక్ బండి పని సులువు. హెడ్డు, సిలిండరు విప్పితే పిస్టన్ చేతికి వస్తుంది. క్రాంక్ గది నోట్లో శుభ్రమైన గుడ్డ కుక్కిన తరువాతే పిస్టన్ పిన్ను లాకులు తీయాలి, లేకపోతే జారిన లాకు లోపల పడి ఇంజను మొత్తం విప్పవలసి వస్తుంది. తీసిన లాకులను మళ్లీ వాడకూడదు. కొత్త రింగును ఒంటరిగా బోరులో పెట్టి, పిస్టన్ తలతో సమంగా లోపలికి తోసి, దాని రెండు కొనల మధ్య సందును ఫీలర్ గేజితో కొలవాలి. సందు పుస్తకంలో చెప్పిన హద్దు దాటితే అరిగినది బోరే. పిస్టన్ తల మీది బాణం గుర్తు సాధారణంగా సైలెన్సర్ వైపు ఉండాలి.

బోరు అరిగినప్పుడు చేసే పని సిలిండరు రకాన్ని బట్టి ఉంటుంది. భారతదేశంలో మట్టి పోటీలకు ఎంతోకాలంగా వాడుతున్న యమహా ఆర్‌ఎక్స్100 వంటి పాత బండ్లలో ఇనుప గొట్టం ఉంటుంది కాబట్టి, లేత్ షాపులో బోరు పెద్దది చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేసుకోవచ్చు. ఆధునిక మోటోక్రాస్ బండ్ల అల్యూమినియం సిలిండరు లోపల నికెల్, సిలికాన్ కార్బైడ్ కలిసిన పలచని గట్టి పూత ఉంటుంది. దాన్ని మామూలు పద్ధతిలో బోరు కొట్టిస్తే పూతే పోతుంది. పూత దెబ్బతిన్నప్పుడు మళ్లీ పూత వేయించాలి, లేదా సిలిండరు మార్చాలి. ఈ తేడా తెలియని చేతికి చిక్కి మంచి సిలిండర్లు పనికిరాకుండా పోవడం జరుగుతున్నందున, పని అప్పగించే ముందే ఇది చెప్పి తీరాలి.

1998లో యమహా వైజెడ్400ఎఫ్ అమ్మకానికి వచ్చిన తరువాత మోటోక్రాస్‌లో ఫోర్ స్ట్రోక్ ఇంజన్లు పెరిగాయి. వాటితో పాటు వాల్వు క్లియరెన్సు సమస్య కూడా వచ్చింది. వాల్వును నొక్కే క్యామ్ భాగానికీ వాల్వు కాడ కొనకూ మధ్య ఉంచే వెంట్రుకవాసి సందునే క్లియరెన్సు అంటారు. వాల్వు ముఖం, అది కూర్చునే సీటు అరిగినకొద్దీ వాల్వు పైకి జరిగి ఈ సందు తగ్గుతుంది; సందు పూర్తిగా పోయినప్పుడు వాల్వు సరిగా మూసుకోదు, కంప్రెషన్ కారిపోతుంది, వేడిని సీటుకు అప్పగించలేక వాల్వు కాలిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు కష్టంగా స్టార్టయ్యే బండికి కారణాలు పలు ఉండవచ్చు గాని, ఏ మార్పూ చేయకుండానే కిక్కుకు అందడం మానేసిన ఫోర్ స్ట్రోక్ బండిలో మొదట చూడవలసింది ఇన్‌టేక్ క్లియరెన్సునే. పూర్తిగా చల్లారిన ఇంజనులో ఫీలర్ గేజితో కొలిచి, షిమ్ అనే చిన్న ఉక్కు బిళ్లను పలచనిదానితో మార్చి సందును సరిచేస్తారు. ఈ బిళ్లలు సాధారణంగా 0.05 మి.మీ. తేడాలతో దొరుకుతాయి.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు చేస్తారు. తేలిక కోసం వాడే టైటానియం వాల్వు ముఖం మీద పలచని గట్టి పూత ఉంటుంది. అది నిలిచి ఉన్నంతకాలం క్లియరెన్సు దాదాపు మారదు, పోయిన తరువాత మెత్తని లోహం గబగబా గుంటపడుతుంది. అందుచేత షిమ్ మార్చిన కొద్ది గంటలకే సందు మళ్లీ తగ్గితే ఇంకో పలచని షిమ్ వెతకడం దండగ. వాల్వును మార్చి, సీటును కోయించాలి. టైటానియం వాల్వును రుద్దుడు పేస్టుతో సీటుకు అమర్చే ప్రయత్నం ఎన్నడూ చేయకూడదు, ఎందుకంటే ఆ పేస్టు మొదట తినేది ఆ పూతనే.

చైన్, స్ప్రాకెట్లు

చైన్ సాగిందని అందరూ అంటారు. సాగేది ఇనుము కాదు, ప్రతి లింకులో పిన్నూ బుష్షూ రాసుకుని ఏర్పడిన సందులన్నీ కలిసి చైన్ పొడవును పెంచుతాయి. పెద్ద డర్ట్ బైకులకు ఎక్కువగా వాడే 520 రకం చైన్‌లో పిన్నుకూ పిన్నుకూ మధ్య దూరం 15.875 మి.మీ. ఉంటుంది. కేటీఎం బండ్ల పుస్తకాల్లో చెప్పిన పరీక్ష చాలా సరళమైనది: గేరు న్యూట్రల్‌లో పెట్టి, చైన్‌కు 10 నుంచి 15 కిలోల బరువు లాగుడు ఇచ్చి, నిటారుగా బిగిసిన భాగంలో 18 రోలర్ల మధ్య దూరం కొలవాలి. కొత్త చైన్‌లో ఇది 17 లింకుల దూరం, అంటే సుమారు 270 మి.మీ.; 272 మి.మీ. దాటితే చైన్ మార్చాలి. రెండు మిల్లీమీటర్ల తేడా చిన్నదిగా కనిపించినా, పెరిగిన లింకులు పంటి వాలు మీదికి ఎక్కి కూర్చుని, స్ప్రాకెట్ పళ్లను ఒక వైపుకు కొక్కెంలా వంచుతాయి. చైన్ అంతటా ఒకే రీతిలో అరగదు కాబట్టి మూడు నాలుగు చోట్ల కొలిచి ఎక్కువ వచ్చిన అంకెను తీసుకోవాలి.

ముందు స్ప్రాకెట్, వెనక స్ప్రాకెట్, చైన్ మూడింటినీ ఒకేసారి మార్చాలన్నది ఖర్చుకు భయపడి దాటవేయకూడని నియమం. అతుకు లింకు క్లిప్పును బిగించేటప్పుడు దాని మూసిన కొన చైన్ కదిలే దిశకు ముందుండాలి, తెరిచిన కొన ముందుంటే రాయి తగిలి ఊడిపోవచ్చు.

బిగుతు విషయంలో రోడ్డు బండి అలవాటు ఇక్కడ పనికిరాదు. వెనక సస్పెన్షన్ ప్రయాణం ఎక్కువ కాబట్టి, చక్రం పైకి లేచేకొద్దీ ముందు స్ప్రాకెట్, స్వింగ్ ఆర్మ్ ఇరుసు, వెనక ఇరుసు ఒకే గీతలోకి వచ్చిన క్షణంలో చైన్ అత్యంత బిగుతుగా అవుతుంది. స్టాండు మీద చక్కగా కనిపించే బిగుతు దూకి దిగినప్పుడు గేరుబాక్సు బేరింగును, ఆయిల్ సీలును లాగి దెబ్బతీస్తుంది. అందువల్ల చైన్‌ను చూపుకు వదులుగా, పుస్తకం చెప్పిన కొలత ప్రకారమే ఉంచాలి. స్వింగ్ ఆర్మ్ మీది చైన్ స్లైడర్ రబ్బరు అరిగి గాడి పడితే దాన్ని వెంటనే మార్చాలి. కిందికి దిగిన చైన్ అల్యూమినియం ఆర్మ్‌ను రంపంలా కోస్తుంది.

క్లచ్, బ్రేకులు

డర్ట్ బైకు క్లచ్ సాధారణంగా ఇంజను లేదా గేరుబాక్సు నూనెలోనే మునిగి పనిచేస్తుంది. మలుపు మలుపుకూ లివరు జారవిడిచే వాడకంలో ఘర్షణ ప్లేట్లు త్వరగా పలచబడతాయి. త్రాటిల్ తిప్పితే ఇంజను మోత పెరిగి బండి మాత్రం ముందుకు సాగకపోతే క్లచ్ జారుతోందని అర్థం. ప్లేట్ల మందాన్ని వెర్నియర్ కాలిపర్‌తో, స్ప్రింగుల పొడవును విడిగా కొలవాలి. కొత్త ప్లేట్లను బిగించే ముందు నూనెలో నానబెట్టాలి. ప్లేట్ల చెవులు ఆనుకునే బాస్కెట్ గోడల మీద గాళ్లు పడితే కొత్త ప్లేట్లు వేసినా క్లచ్ ఒరుసుకుంటూ పట్టుకుంటుంది. నూనె డబ్బా మీద జాసో ఎంఏ లేదా ఎంఏ2 గుర్తు ఉండాలి. ఘర్షణ తగ్గించే పదార్థాలు కలిసిన కారు నూనె ఈ క్లచ్‌ను జారేలా చేస్తుంది.

బ్రేకు ప్యాడ్లు బురదలో పొడి నేల కన్నా చాలా త్వరగా అరుగుతాయి. పట్టు పదార్థం 1 మి.మీ.కు చేరకముందే మార్చాలి. ప్యాడ్లు అరిగినకొద్దీ బ్రేకు నూనె మట్టం దిగడం సహజం కాబట్టి, తక్కువైందని నూనె పోయకుండా ముందు ప్యాడ్లను చూడాలి. డిస్కు మీద కనీస మందం అంకె చెక్కి ఉంటుంది. డాట్ 4 బ్రేకు నూనెకు కొత్తగా ఉన్నప్పుడు మరుగు ఉష్ణోగ్రత కనీసం 230 డిగ్రీల సెల్సియస్, తేమ పీల్చాక కనీసం 155 డిగ్రీలు ఉండాలన్నది ప్రమాణం. గాలిలోని తేమను పీల్చే స్వభావం ఉండటం వల్ల బండి కదలకపోయినా ఆ నూనెను కాలాన్ని బట్టి మార్చక తప్పదు.

చక్రాలు, బేరింగులు, సస్పెన్షన్

మోటోక్రాస్ బండికి ముందు 21 అంగుళాల, వెనక 19 అంగుళాల స్పోకుల చక్రాలు సాధారణం. ఎండ్యూరోలో వెనకది 18 అంగుళాలు. కొత్త చక్రంలో స్పోకులు మొదటి గంటల్లో వదులవుతాయి. చిన్న పానాతో ఒక్కొక్కదాన్నీ తడితే బిగుతుగా ఉన్నది ఖంగున మోగుతుంది, వదులైనది మొద్దుగా పలుకుతుంది. బిగించేటప్పుడు వరుసగా కాక మూడో స్పోకు మూడో స్పోకు చొప్పున, ఒకసారికి పావు చుట్టు మించకుండా తిప్పాలి, లేకపోతే రిమ్ము ఒక పక్కకు లాగుతుంది.

చక్రాన్ని పైకెత్తి పక్కలకు ఊపితే ఆడుతోందంటే బేరింగు పోయినట్టే. కొత్త బేరింగును హబ్బులోకి దింపేటప్పుడు దాని బయటి రింగును మాత్రమే కొట్టాలి. లోపలి రింగు మీద దెబ్బ పడితే గుండ్ల గుర్తులు పడి కొత్తది కొద్ది రోజుల్లోనే పాడవుతుంది. సీళ్లను కూడా కొత్తవే వేయాలి. నీటి పైపు ఒత్తిడితో బండి కడిగేవారు హబ్బులు, ఫోర్కు సీళ్లు, వెనక షాకబ్జరు లింకేజీ మీదికి నేరుగా ధార కొట్టడం వల్లే చాలా బేరింగులు తుప్పు పడుతున్నాయి.

వెనక చక్రాన్ని ఒకే షాకబ్జరుతో మోసే పద్ధతి 1970ల్లో యమహా మోనోక్రాస్‌తో మోటోక్రాస్‌లో స్థిరపడింది; తరువాత వచ్చిన లింకేజీ రకాల్లో షాకబ్జరు కింద మీటల మధ్య సూది రోలర్ల బేరింగులు ఉంటాయి. కంటికి కనబడని ఈ కీళ్లకు ఫ్యాక్టరీలో పెట్టే గ్రీజు తరచు తక్కువ కాబట్టి, కొత్త బండిని సైతం ఒకసారి విప్పి గ్రీజు పెట్టడం, ఆ తరువాత వర్షాకాలం ముగిసినప్పుడల్లా తిరిగి చూడటం మంచిది. నల్లరేగడి నేలల బురద ఈ కీళ్లలోనూ రేడియేటరు రెక్కల మధ్యా ఎండి గట్టిపడితే వదిలించడం కష్టం, అందుకే అది తడిగా ఉన్నప్పుడే కడగాలి.

ముందు ఫోర్కు గొట్టం మీద నూనె చార కనిపిస్తే అది ముందు ఆయిల్ సీలు సమస్య అనిపిస్తుంది గాని, చాలాసార్లు సీలు పెదవి కింద ఇరుక్కున్న ఇసుక రేణువే కారణం. దుమ్ము సీలును కిందికి జరిపి, పలచని ప్లాస్టిక్ పట్టీని పెదవి కింద తిప్పితే ఆ రేణువు బయటికి వచ్చి కారడం ఆగిపోవచ్చు. ఆగకపోతే సీళ్లతో పాటు లోపలి బుష్షులను, నూనెను కలిపి మార్చాలి; గొట్టం మీది చిన్న గాటును సన్నని గరుకు కాగితంతో సరిచేయకుండా కొత్త సీలు వేస్తే అదీ కోసుకుపోతుంది. కారిన నూనె ముందు బ్రేకు ప్యాడ్లకు అంటితే బండి ఆగదు, కనుక ఈ పని వాయిదా వేయదగినది కాదు. వెనక షాకబ్జరులో అధిక ఒత్తిడితో నైట్రోజన్ వాయువు ఉంటుంది; దాన్ని విప్పే పని తగిన పరికరాలున్న నిపుణులకే వదిలిపెట్టాలి.

విడిభాగాలు, వాడిన బండ్లు

పోటీ కోసం తయారైన మోటోక్రాస్ బండ్లకు భారతదేశంలో రోడ్డు రిజిస్ట్రేషను ఉండదు, వాటిని వాహనం మీద ఎక్కించి పథం దగ్గరికి తీసుకుపోతారు. విడిభాగాలు చాలావరకు దిగుమతే కాబట్టి, వారాల తరబడి ఆగవలసి రావచ్చు. అందువల్ల విరిగాక కాక కొలతలు హద్దుకు చేరువైనప్పుడే భాగాన్ని తెప్పించుకోవాలి. భాగాన్ని బండి పేరుతో అడగడం సరిపోదు. ఒకే పేరుతో వచ్చిన బండిలో ఏడాదికేడాదికి పిస్టన్ ఆకారం, బేరింగు కొలతలు మారుతాయి కాబట్టి ఛాసిస్ నెంబరును, తయారీ సంవత్సరాన్ని, భాగం నెంబరును కలిపి చూడాలి. తయారీదారు ముద్ర లేని భాగాలన్నీ నాసిరకమని అనుకోనక్కర్లేదు. పిస్టన్లలో వైసెకో, చైన్లలో డీఐడీ, ఫిల్టర్లలో ట్విన్ ఎయిర్ వంటి సంస్థలు పోటీ పథాల మీద పేరు తెచ్చుకున్నవే.

సొంతంగా మరమ్మతు చేసుకోగల నైపుణ్యానికి ఈ క్రీడలో ఎంత విలువ ఉందో డకార్ ర్యాలీలోని ఒక విభాగం చూపిస్తుంది. ఒకప్పుడు మాల్ మోటో అని పిలిచిన ఆ విభాగంలో పోటీదారులు మెకానిక్కుల సహాయం లేకుండా, పెట్టెలో పట్టే పనిముట్లతో రోజంతా నడిపిన బండిని రాత్రి తామే బాగుచేసుకోవాలి. ఆ ర్యాలీని 2015లో పూర్తిచేసిన తొలి భారతీయ మోటారు సైకిల్ పోటీదారు సి.ఎస్. సంతోష్.

వాడిన డర్ట్ బైకును కొనేవారు గంటల మీటరు అంకెను మాత్రమే నమ్మకూడదు, ఎందుకంటే మీటరును మార్చడం సులభం. స్వింగ్ ఆర్మ్ చివర చైన్ అడ్జస్టర్లు ఎంత వెనక్కి జరిగి ఉన్నాయో చూస్తే చైన్ వయసు తెలుస్తుంది. కాలు మోపే పెగ్గుల పళ్లు నున్నబడటం, ఫ్రేము మీద బూట్లు రాసుకుని రంగు పోవడం అసలు వాడకాన్ని చెబుతాయి. ఎయిర్ ఫిల్టర్‌ను తీయించి, దాని వెనక గొట్టం లోపలి గోడను తెల్లని గుడ్డతో తుడిచినప్పుడు మట్టి అంటితే ఇంజను విప్పే ఖర్చును కూడా ధరలో లెక్కవేసుకోవాలి. అమ్మేవారు బండిని ముందే వేడెక్కించి ఉంచితే చల్లారేదాకా వేచి ఉండి, ఆ తరువాత స్టార్టు చేయించాలి. అరిగిన రింగులతో కంప్రెషన్ తగ్గిన ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఎన్ని కిక్కులకు అందుకుంటుందో, వాల్వు క్లియరెన్సు తగ్గిన ఇంజను బాగా వేడెక్కి ఆగిన తరువాత మళ్లీ అందుకుంటుందో లేదో రెండూ విడివిడిగా చూడాలి.